పనిచేస్తే ఇవ్వం, చేయకపోతే మీకెందుకు?

నా పాత కంప్యూటర్‌లో ఫ్లాపీ డిస్కులను నడిపే కంట్రోలర్ చిప్ పోతే ఆన్‌లైన్‌లో ఇంకొకటి తెప్పించాను. పార్సిల్ విప్పితే వచ్చిన చిప్ నెత్తిన తెల్లటి అక్షరాలతో 'డబ్ల్యూడీ1770' అని, దాని కింద 2215 అని ముద్ర ఉంది. ఈ నాలుగంకెల లెక్క తెలిసిందే. మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ వారం. అంటే 2022లో, కార్ల కంపెనీలు చిప్‌లు దొరక్క అల్లాడుతున్న రోజుల్లో, వెస్టర్న్ డిజిటల్ సంస్థకు ఉన్నట్టుండి పడుచుదనం గుర్తుకొచ్చి 1980ల నాటి ఫ్లాపీ కంట్రోలర్‌ను మళ్లీ తయారు చేసిందన్నమాట! 1988లో టాండన్ హార్డ్ డిస్కుల వ్యాపారాన్ని కొనుక్కుని ఆ దారినే పోయిన సంస్థ అది. అంతటి శుభవార్తను వాటాదారులకైనా చెప్పకుండా ఒక్క ఆన్‌లైన్ దుకాణదారుడి చెవిన మాత్రమే వేసిందంటే, ఆయన పుణ్యం ఏ పాటిదో ఊహించుకోవలసిందే.

చిప్‌ను దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే పైభాగమంతా ఒకే దిక్కుకు సాగిన సన్నని గీతలు. గరుకు కాగితంతో రుద్దిన ఆనవాళ్లు. ఒకటో కాలు ఎటుందో చెప్పే చిన్న గుంటలో నల్లరంగు పేరుకుని ఉంది. కాళ్ల మొదళ్లలో పాత టంకం ఇంకా అంటుకునే ఉంది. దూదికి అసిటోన్ అద్ది తుడిస్తే దూది నల్లబడింది, 2022వ సంవత్సరం చెరిగిపోయింది. లోపల ఉన్నది ఏ చిప్పో ఆ పరమాత్ముడికే ఎరుక. కాళ్లు మాత్రం సరిగ్గా ఇరవై ఎనిమిది. అంతవరకు నిజాయితీని మెచ్చుకోవాలి.

నకళ్లన్నీ ఒకటే అని నేను అనను. సోవియట్ యూనియన్ వాళ్లు వెస్టర్న్ డిజిటల్ వారి '1793' అనే ఫ్లాపీ కంట్రోలర్ చిప్‌ను నకలు చేసి, దాని మీద 'కేఆర్1818వీజీ93' అని తమ సొంత పేరు దర్జాగా అచ్చు వేసుకున్నారు. బ్రిటన్ వారి స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌కు అక్కడ తయారైన నకళ్లలో ఫ్లాపీలను నడిపింది అదే. జపాన్‌లో ఫుజిత్సు అదే పని చేసే తన ఎంబీ8877ను తన పేరుతోనే అమ్మింది. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు నకలుకు ఉన్న సిగ్గు ఈనాటి 'సరికొత్త, అసలైన, వంద శాతం పరీక్షించిన' సరుకుకు లేకపోయింది.

ఈ దుఃఖం నలుగురిలో చెప్పుకుంటే సలహాలకు కొదవ ఉండదు. 'ఫ్లాపీ బదులు పెన్ డ్రైవ్ పెట్టే గోటెక్ కొనుక్కోరాదా?' అంటారు. కొనుక్కోవచ్చు. అయితే గోటెక్ డ్రైవ్ స్థానంలో కూర్చుంటుంది, కంట్రోలర్ స్థానంలో కాదు. డ్రైవ్ పంపేది వట్టి విద్యుత్ స్పందనలే (పల్స్‌లు). అందులో గడియారపు తాళం ఏది, సమాచారం ఏది అని విడదీయడం, ట్రాకులో కావలసిన సెక్టారును వెతికి పట్టడం, చివర లెక్క సరిపోయిందో లేదో చూసి ఒక్కొక్క బైటునూ ప్రాసెసర్‌కు అందించడం కంట్రోలర్ పని. అది పోయాక ముందు గోటెక్ ఉన్నా, గోడ ఉన్నా ఒకటే. కంట్రోలర్ పనిని, మనకు కావలసినట్టు మలచుకోగల ఎఫ్‌పీజీఏ అనే చిప్‌లో రాసిపెట్టిన మహానుభావులూ ఉన్నారు, వారికి దండాలు. కానీ అసలు చిప్‌లు బతికే ఉన్నప్పుడు వాటి వైపు ఎవరూ చూడకపోవడమే నా బాధ.

ఎందుకంటే అవి ఉన్నాయి. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం పెట్టి దేశంలోని బడులకు బ్రిటన్ కంపెనీ ఏకార్న్ వారి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. వాటి వంశం వారు కొందరు ఇప్పటికీ స్టోరు గదుల్లో, విరిగిన బల్లల వెనుక, స్వాతంత్ర్య దినోత్సవం జెండా కర్రల పక్కన తపస్సు చేస్తున్నారు. అలాంటి ఒక బడిలో ఒక సెట్టు ఉందనీ, దానికి 1770 ఉన్న డిస్క్ ఇంటర్‌ఫేస్ బోర్డు కూడా ఉందనీ తెలిసి, దానికి కొత్త ఇల్లు చూపిస్తాను మహాప్రభో అని అర్జీ పెట్టుకున్నాను. అర్జీ, పాత సామాను పనికిరానిదని తేల్చే కండెమ్నేషన్ కమిటీ ముందుకు వెళ్లింది. ఆ కమిటీ జరిగిన తీరు రాబోయే తరాలకు తెలియాలి.

అధ్యక్షులవారు డెడ్ స్టాక్ రిజిస్టరు తెరిపించారు. 'కంప్యూటర్, 1 సెట్టు' అని ఉంది. కనుక బోర్డు ఒక్కటే ఇవ్వడం కుదరదు. ఇస్తే సెట్టులో కొరత వస్తుంది, కొరత వస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, అభ్యంతరం వస్తే రికవరీ పడుతుంది. ఎవరి జీతంలోంచి? బోర్డు మొదట అందుకుని సంతకం చేసిన మాస్టారి జీతంలోంచి. ఆయన పదవీ విరమణ చేసి చాలా కాలమైందని సూపరింటెండెంటు మనవి చేశారు. అయితే పింఛనులోంచి అన్నారు అధ్యక్షులు. మాస్టారు కాలం చేశారని మరొక సభ్యుడు గుర్తు చేశారు. ఆ అంశం తదుపరి సమావేశానికి వాయిదా పడింది.

'ఇంతకూ అది పనిచేస్తుందా?' అని నన్ను అడిగారు. చిప్‌లు పోవడం కంటే సాకెట్లలో కాళ్లు తుప్పు పట్టడమే ఎక్కువ, ఊడదీసి శుభ్రం చేసి మళ్లీ గుచ్చితే పనిచేయవచ్చు అన్నాను. 'పనిచేసే వస్తువును కండెమ్ చేయడానికి వీల్లేదు' అన్నారు. పోనీ పనిచేయదనుకోండి అన్నాను. 'పనిచేయని వస్తువు మీకెందుకు?' అన్నారు. సభ్యులందరూ నా వైపు అనుమానంగా చూశారు. బోర్డులో బంగారం ఉంటుందట కదా, అని ఒకరు పక్కవారితో గుసగుసలాడారు.

చివరకు మధ్యే మార్గం దొరికింది. ఇది మరమ్మతుకు పనికిరాదని తయారీదారు ధ్రువపత్రం ఇవ్వాలి. తయారీదారు కేంబ్రిడ్జిలోని ఏకార్న్. ఆ కంపెనీ ముక్కలై మూతపడింది. మూతపడిందని రుజువేమిటి? రుజువు ఆ కంపెనీ లెటర్‌హెడ్ మీదే ఉండాలి. ఏకార్న్ కడుపున పుట్టిన ఆర్మ్ కంపెనీ 1990 నుంచి ఉంది కదా, అధ్యక్షుల జేబులోని ఫోను నడిచేది వారు రూపొందించిన ప్రాసెసర్‌తోనే కదా అని వినయంగా విన్నవించాను. ఆయన ఫోను బయటకు తీసి వెనక్కి తిప్పి చూసి, 'ఇందులో ఫ్లాపీ లేదే' అన్నారు. మినిట్స్‌లో అదీ నమోదైంది.

ఇంత నిగ్రహం చూపిన కమిటీ మరి ఏం చేసిందంటారా? ఆర్థిక సంవత్సరం ముగుస్తుండగా గది ఖాళీ చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొరత, రికవరీ, ధ్రువపత్రం, ఆడిట్ అన్నీ ఒక్క మధ్యాహ్నంలో ఆవిరైపోయాయి. ఇనుప కుర్చీలతో, పగిలిన ఫ్యానుతో, తుప్పు పట్టిన బీరువాతో కలిపి కిలోల లెక్కన తూచి పంపేశారు. ఒక చిప్ ఊడదీసి ఇస్తే ఖజానాకు నష్టం వస్తుందన్నవారే బోర్డు మొత్తాన్ని ఇనుము ధరకు ఇచ్చి రసీదు తీసుకున్నారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆ బోర్డులు ఎక్కడికి పోతాయో మనకు తెలుసు. ఢిల్లీలోని సీలంపూర్ సందుల్లోనో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ గల్లీల్లోనో పొయ్యి మీద పెట్టి టంకం కరిగించి చిప్‌లు ఊడబెరుకుతారు. మిగిలిన దాన్ని ఆమ్లంలో ముంచుతారు. ముంచేవాడి చేతికి తొడుగుండదు, ముక్కుకు గుడ్డ ఉండదు. వాడి వయసు అడిగే కమిటీ ఎక్కడా లేదు. సీసం వాడి రక్తంలోకి, ఆమ్లం కాలువలోకి పోతాయి. ఊడిన చిప్‌లకు అరగదీత, నల్లరంగు, కొత్త తేదీ అంటించే చేతులు వేరే ఉన్నాయి. సక్రమంగా బతికున్న వస్తువును ఇవ్వమంటే నిబంధనలు వల్లించిన పెద్దలకు ఈ సంగతి తెలియదా? 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు ఆ ఆఫీసు గోడకే అంటించి ఉన్నాయి. వాటి మీద మేకు కొట్టి క్యాలెండరు తగిలించారు. సిగ్గుండాలి.

ఇకనైనా తూచేముందు చిప్‌ల నంబర్లు చదవడం వచ్చిన ఒక మనిషిని ఒక్క పూట ఆ గదిలోకి రానివ్వండి, పైసా ఖర్చు లేదు, కావాలంటే ఇనుము ధరకు రెట్టింపు కట్టి తీసుకెళతాం అని మళ్లీ అర్జీ పెట్టాను. దీనికి అడ్డుపడే నియమం ఏదైనా ఉంటే చూపించమన్నాను. సూపరింటెండెంటు గారు పాపం నిజాయితీపరులు, ఫైళ్లన్నీ తిరగేసి చూశారు. అలాంటి నియమం ఎక్కడా లేదని, అయితే అలాంటి ఆనవాయితీ కూడా లేదని రాతపూర్వకంగా తెలియజేశారు.