పచ్చ మార్కరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పచ్చ మార్కరు గారి సముఖమునకు, తిరుపతి గాంధీ రోడ్డులో ఒక మేడమీది గదిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికే భక్తుడు నమస్కరించి వ్రాయునది.

అయ్యా, కొండ మీది స్వామి దర్శనానికి గంటల తరబడి క్యూలో నిలబడాలి గానీ, వీడియోలో కావలసిన చోటికి గుర్తుగా నిలిచే తమరు కీబోర్డు మీద ఎమ్ మీట నొక్కితే చాలు ప్రత్యక్షమవుతారు. అందుకే కాబోలు, తమరిని లెక్కాపత్రం లేకుండా పిలిచాను. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తమరికి 8 రంగులున్నాయి; మా గంగమ్మ జాతరలో రోజుకొక వేషం కట్టినట్టు పనికొక రంగు వేయవచ్చు, మీట రెండుసార్లు నొక్కి పేరూ పెట్టవచ్చు. నేను ఆ శ్రమ పడలేదు. మొన్నటి తిరుచానూరు పెళ్ళిలో తమవారు 114 మంది, అందరూ పచ్చగా, ఒక్కరికీ పేరు లేకుండా, క్లిప్పులను వరుసగా పేర్చే టైమ్‌లైన్ నెత్తిన బారులు తీరారు. వారిలో తలంబ్రాలు ఎవరో, అప్పగింతలు ఎవరో తేల్చడం నా తరం కాలేదు.

పైగా తమరి స్థిరచిత్తం అపారమైనది. గణపతి పూజలో 18 నిమిషాలు కోసేసి ఖాళీని మూసినప్పుడు కింది క్లిప్పులన్నీ ముందుకు జరిగాయి, తమరు మాత్రం కదలలేదు. తలంబ్రాల మీద కూర్చోబెట్టిన మార్కరు భోజనాల పంక్తిలో అప్పడం నములుతున్న పెద్దమనిషి మీద తేలాడు. కోతతోపాటు తమరినీ జరిపే టిక్కు ఒకటి మార్కర్ల మెనూలో ఉందని తరువాత తెలిసింది. అది పెట్టని తప్పు నాదే, అయినా లేఖ తమరికే.

అసలు ఫిర్యాదు తాళికి వేసే మూడు ముళ్ళ గురించి. రెండో కెమెరా మైకు ఆన్ చేయడం మరిచారు గనుక ధ్వనిని బట్టి రెండు కెమెరాలను కలిపే దారి మూసుకుపోయి, రెండింటిలోనూ ఒకే క్షణం మీద తమరిని నిలిపి కలుపుకోవాలి గనుక తమరే దిక్కయ్యారు. మొదటి కెమెరాలో తాళి మొదటి ముడి పడిన చోట తమరిని నిలిపాను. రెండో కెమెరాలో ఆవలిస్తూ నిలిపినది రెండో ముడి దగ్గర. అయినా తమరు ఒక్క మాట అనలేదు.

అనుమానం తీర్చుకుందామని ఎడమ మానిటరులో రెండో కెమెరాను, కుడి మానిటరులో మొదటిదాన్ని పెట్టి, రెండింటినీ తమరి దగ్గరే నిలిపి, గ్యాంగ్ బటన్ నొక్కాను. ఆ గ్యాంగ్ వారు కొంగుముడి వంటివారు: ఒక మానిటరు ఎంత నడిస్తే రెండోదీ అంతే నడుస్తుంది. వారు ఎడబాటును సరిదిద్దరు, ఉన్న ఎడబాటును ఒక్క ఫ్రేము చెడకుండా కాపాడతారు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 3 సెకన్ల తేడా, అంటే 75 ఫ్రేములు, చివరిదాకా భద్రంగా నిలిచింది. రెండు తెరలూ జోడెడ్లలా సాగుతుంటే నేను తృప్తిగా టీ తాగాను.

వీడియో చూడడానికి వచ్చిన పెళ్ళికూతురి అవ్వ వేళ్ళు మడుచుకుంటూ కూర్చుంది. మొదటి కెమెరాలో ఒక ముడి పడింది, రెండో కెమెరాకు మారగానే మూడోది పడింది, గట్టిమేళం ఆగింది. అవ్వ చేతిలో ఒక వేలు మడవకుండా మిగిలిపోయింది.

"ఏమబ్బా, మా అల్లుడు రెండు ముళ్ళేనా ఏసినాడు?"

ఆ రాత్రి ఫోటోగ్రాఫరు ఫ్లాష్ మెరిసిన ఒక్క ఫ్రేమును రెండు కెమెరాలలోనూ వెతికి పట్టుకుని, తమరిని అక్కడికి బదిలీ చేశాను. మనవి ఏమనగా, ఆ పదవిలో తమరు ఇకపై ఎరుపు రంగులో, "ఫ్లాష్" అనే నామధేయంతో కొనసాగవలసింది. తక్కిన 113 మందినీ అవ్వ మళ్ళీ వచ్చేలోగా తొలగిస్తున్నాను. ఆమె ఈసారి ఏడడుగులు లెక్కపెడతానని చెప్పి వెళ్ళింది.

ఇట్లు,
తమ విధేయుడు