గోడ మీది వాల్వు

మా బావమరిది గాజువాకలో పాత ఇనుము కొట్లన్నీ తిరిగి, కార్ఖానాలు వదిలించుకున్న సామాను కిలోల లెక్కన కొని నైరూప్య శిల్పాలు చేస్తాడు. వాటిలో ఒకటి పెళ్లిరోజు కానుకగా పెదవాల్తేరులోని మా హాలు గోడెక్కింది. మందపాటి రేకు మీద పళ్ల చక్రాలు, అరిగిన బేరింగులు, తెగిన గొలుసు, ఒక వంకర పైపు, దానికో వాల్వు, ఆ వాల్వుకు ఎర్రరంగు సగం రాలిన చక్రం. బరువు 30 కిలోలు.

గోడకు బోల్టులు దింపిన కుర్రాడు "ఇది ఏ మెషీనండీ?" అన్నాడు.

"1958లో అమెరికా శిల్పి లూయీజ్ నెవెల్సన్, ఎవరో పారేసిన చెక్కముక్కలతో గోడంత శిల్పం చేసి నల్లరంగు పూసింది. అది ఏ బీరువా అని ఎవరైనా అడిగారా?" అన్నాడు మా బావమరిది.

ఉప్పుగాలిలో ఇనుముకు తడి ఆరదు. నెల తిరక్కుండా తుప్పు చారలు గోడ మీదికి దిగాయి. తుడవమంటావా అని మా ఆవిడ అడిగితే, "అదీ శిల్పంలో భాగమే అక్కా" అన్నాడు. గోడకు మళ్లీ రంగు వేయించడం నా భాగం.

మొన్న ఆదివారం కుళాయిలు ఎండిపోయాయి. ప్లంబరు మేడ మీద ట్యాంకు చూశాడు, ఒక పైపు విప్పి బిగించాడు, దిగివచ్చి శిల్పం ముందు ఆగాడు. మా చుట్టాల్లో ఒక్కరూ దాన్ని అంత శ్రద్ధగా చూడలేదు.

"మెయిన్ వాల్వు ఇక్కడ పెట్టుకుని నన్ను మేడలెక్కిస్తారేమిటండీ!" అంటూ, నేను అడ్డుపడేలోపే చక్రాన్ని ఎడమవైపు తిప్పాడు. కిర్రుమంది. అతని అరచేతి నిండా తుప్పు. అదే క్షణాన వంటింటి కుళాయి బుస్సుమని, రెండుసార్లు దగ్గి, ధారకట్టింది.

పైపులో చిక్కిన గాలి అప్పటికి బయటపడిందని నేను చెబితే వినేదెవరు? బిల్లులో 'వాల్వు సర్వీసు' అని విడిగా వేశాడు.

సాయంత్రానికి మూడో అంతస్తు మామ్మగారు వచ్చారు. "మాకు నీళ్లు సన్నగా వస్తున్నాయి బాబూ, ఇంకో అరచుట్టు తిప్పవూ?" వివరించబోయాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. తిప్పాను.

మర్నాడు బావమరిది వస్తూనే గోడను చూసి కెవ్వుమన్నాడు. "చక్రం ఎవరు కదిపారు? కూర్పంతా పోయింది!" వెనక్కి తిప్పబోతుంటే గుమ్మంలోంచి మామ్మగారు.

"కట్టేయకు నాయనా, నా స్నానం కాలేదు. చేసింది నువ్వేనటగా? పనిలో పనిగా వేడినీళ్లకూ ఒకటి చేసిపెట్టు."