లేని దీవికి ఒక ఉత్తరం

న్యూ మూర్ ఉరఫ్ పూర్బాషా ఉరఫ్ దక్షిణ తల్‌పట్టి గారికి,
హరిభంగా నది మొగ ఎదుట, బంగాళాఖాతం (ప్రస్తుత నివాసం: అడుగున).

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మనిద్దరిలో ఒకరు నీళ్ల కింద ఉన్నారు. అందుకని ఆ ముక్క వదిలేస్తున్నాను.

ఇన్ని ఉరఫ్‌లు చూసి, మీరు ఏవో దొంగతనాలు చేసి పేర్లు మార్చుకుని తిరిగారనుకుంటారు తెలియనివాళ్లు. పాపం, మీరు చేసిందల్లా పుట్టడమే. 1970 నవంబరులో భోలా తుపాను లక్షల ప్రాణాలు పట్టుకుపోయింది. ఆ తరువాత సుందర్‌బన్స్ దిగువన ఒండ్రుదిబ్బగా మీరు తలెత్తారు. 1974లో ఒక అమెరికా ఉపగ్రహం మీ ఫొటో తీసింది. ఎంత ఎదిగినా మీ ఎత్తు రెండు మీటర్లు దాటలేదు. మా వీధి అరుగెక్కి నిలబడితే మీకంటే నేనే పొడవు. ఊరు లేదు, మంచినీళ్ల బావి లేదు, ఓటరు లేడు. అయినా భారత్, బంగ్లాదేశ్ మీ కోసం దశాబ్దాల తరబడి కొట్టుకున్నాయి.

మీకు తెలుసో లేదో, మీరు పుట్టడానికి నలభై అయిదేళ్ల ముందే మీ తగాదా పుట్టింది. 1925లో బెంగాల్ ప్రభుత్వం ఖుల్నా జిల్లాకు (ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది) పడమటి హద్దు నిర్ణయిస్తూ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఇచ్ఛామతి, కాళింది, రాయ్‌మంగల్, హరిభంగా నదుల వెంట, సముద్రంలో కలిసేదాకా, ప్రధాన పాయ ప్రస్తుతానికి ఎక్కడుంటే అక్కడి నడిధారే హద్దు అన్నది దాని సారాంశం. ఆ ‘ప్రస్తుతానికి’ అన్న మాటకు నేను రోజుకోసారి దండం పెట్టుకుంటున్నాను. జిల్లాకూ జిల్లాకూ మధ్య అది చక్కని మాటే. నది జరిగితే హద్దూ జరుగుతుంది, ఎవరి కొంపా మునగదు. కానీ 1947 జులై 8న రాడ్‌క్లిఫ్ దొరగారు వేంచేశారు. అంతకుముందు ఈ దేశం మొహం చూడని ఆ న్యాయవాది అయిదు వారాల్లో పంజాబునూ బెంగాలునూ కోసి పంచారు. మీ వైపు కొత్త గీత గీసే శ్రమ కూడా పడలేదు. జిల్లా హద్దునే దేశాల హద్దు చేసేశారు. తీర్పు బయటపడింది ఆగస్టు 17న. అంటే జెండాలు ఎగిరిన రెండు రోజులకు తెలిసింది, ఎవరి ఇల్లు ఏ దేశంలో ఉందో.

నది జరిగితే ఏమవుతుందో మా గోదావరి లంకల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకరి పొలం కోసుకుపోయి అవతలివాడి గట్టుకు మేట వేస్తుంది. మా తాతయ్యకు అలాంటి ఒక ఎకరం మీద దావా ఉండేది. 1986 వరద ఆ ఎకరాన్ని ఎత్తుకుపోయింది, దావా మాత్రం నడిచింది. వాయిదా ముందురోజు ఆయన ట్రంకుపెట్టెలోంచి గుడ్డసంచి తీసి, చెమ్మ పట్టిన శిస్తు రసీదులను నులకమంచం మీద పరిచి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో చింతగింజ పెట్టేవారు. నేల నీళ్లలో నానుతుంటే రసీదులు ఎండలో ఆరుతుండేవి.

మీ విషయంలోనూ జరిగింది అదే, కాకపోతే చింతగింజల స్థానంలో గన్‌బోట్లు వచ్చాయి. ప్రధాన పాయ మీకు తూర్పున పారుతోంది కాబట్టి దీవి మాదేనని భారత్, కాదు పడమరనే పారుతోంది కాబట్టి మాదని బంగ్లాదేశ్. 1981లో మీ మీద మన జెండా ఎగిరింది. సర్వే ఓడ సంధాయక్ మీ దగ్గరికి వస్తే అవతలి నుంచి బంగ్లాదేశ్ గన్‌బోట్లు వచ్చాయి. ఇదంతా మీ మీద ప్రేమనుకునేరు! మీరు ఎవరివారైతే మీ చుట్టూ ఉన్న సముద్రం వారిది, దాని అడుగున చమురో గ్యాసో ఉంటే అదీ వారిది. పిల్ల నచ్చి కాదు, పొలం నచ్చి వచ్చిన సంబంధాలు.

ఆ సంధాయక్ చాలాకాలం కొలువు చేసి 2021లో మా విశాఖపట్నంలో పదవీ విరమణ చేసింది. మీరు అంతదాకా ఆగలేదు. ఉపగ్రహ చిత్రాల్లో మీ జాడే లేదని 2010 మార్చిలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ఆచార్యుడొకరు ప్రకటించారు. రెండు దేశాలూ ఏళ్లుగా మాట్లాడి తేల్చలేనిదాన్ని వేడెక్కిన భూమి తేల్చేసిందని కూడా అన్నారాయన.

తేలిందా? మా తాతయ్య దావా తేలితే కదా మీది తేలేది! వ్యవహారం మధ్యవర్తుల ట్రిబ్యునల్‌కు వెళ్లింది. మీరు పోయాక కూడా మన న్యాయవాదులు మీ మీద ఒక ఆధార బిందువు, అంటే కొలత మొదలుపెట్టే చుక్క, పెట్టి సముద్రపు గీత గీయమన్నారు. 2013 అక్టోబరులో న్యాయమూర్తులు అంత దూరం నుంచి వచ్చి ఆ తీరమంతా చూసి వెళ్లారు. మీ మీద బిందువు పెట్టడం కుదరదన్నారు. ఆ ‘ప్రస్తుతం’ 1947 దగ్గరే ఆగిపోయిందని తేల్చి, పాత బ్రిటిష్ నౌకాపటం ముందేసుకున్నారు. 2014 జులై 7న తీర్పు వచ్చింది. తగాదాలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. అయితే మీరు ఒకప్పుడు ఉన్న చోటు మాత్రం గీతకు ఇవతల, మన వైపు పడింది. సముద్రం వాళ్లకు పోయింది, మీరు మాకు దక్కారు. ఢాకాలో ప్రతిపక్షం తల్‌పట్టిని పోగొట్టారని గోల చేసింది, లేని దీవిని పోగొట్టుకోవడమేమిటని అక్కడి ప్రభుత్వం అడిగింది. ఆ ఒక్క ప్రశ్న 1981లోనే ఎవరైనా అడిగి ఉంటే బోలెడు డీజిలు మిగిలేది.

మాటవరసకు చెబుతున్నాను. మీకు పడమరగా, హుగ్లీ మొగలో ఘోరామారా అని ఇంకో దీవి ఉంది. అందులో మనుషులున్నారు, తమలపాకు తోటలున్నాయి. అదీ కోసుకుపోతోంది. ఇళ్లు పోయినవాళ్లు సాగర్ దీవికి తరలిపోతున్నారు. దాన్ని మాదంటే మాదని ఏ గన్‌బోటూ రాలేదు.

ఇక ఉంటాను. ఏ దేశపు బిళ్ల అంటించాలా అని ఆలోచించి, తీర్పు ప్రకారం మనదే అంటించాను. తపాలా కార్యాలయంలో అమ్మాయి కవరు అటూ ఇటూ తిప్పి పిన్‌కోడ్ అడిగింది. ప్రస్తుతానికి లేదన్నాను.

ఇట్లు,
గోదావరి లంకలో మునిగిన ఒక ఎకరానికి వారసుడు