నంబర్ ప్లేటు చూసినవాడల్లా ఆటిస్టు కాడు

టీనేజీ పిల్లల్లో ఆటిజం లక్షణాలున్నాయేమో తొలిదశలో చూసుకోవడానికి వాడే ఏక్యూ (ఆటిజం స్పెక్ట్రమ్ కోషెంట్) ప్రశ్నావళిలో 50 వాక్యాలుంటాయి. కేంబ్రిడ్జ్‌లో ఆటిజం పరిశోధకుడు సైమన్ బారన్-కోహెన్ బృందం 2006లో తెచ్చిన ఈ రూపంలో జవాబులిచ్చేది తల్లిదండ్రులు. దాన్ని తెలుగులోకి దించి, మరొకరిచేత మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్పించి, రెండూ సరిపోయాయి కాబట్టి పనైపోయిందంటే నేనొప్పుకోను. సరిపోయినవి మాటలే.

బండ్ల నంబర్ ప్లేట్లను గమనిస్తుంటాడు అన్నది ఒక వాక్యం. అవునంటే ఆటిజం వైపు ఒక మార్కు. మన దగ్గర 9999 నంబరు కోసం వేలంలో లక్షలు పోస్తారు. సిగ్నల్ దగ్గర ముందు కారు అంకెలు కూడి తొమ్మిది వచ్చిందా అని చూసే నాన్న వెనకాల కూర్చున్న కొడుక్కి ఆ అలవాటు రాకపోతేనే వింత. పార్టీ కన్నా లైబ్రరీకి వెళ్లడమే ఇష్టం అన్నది ఇంకొకటి. పదో తరగతి పిల్లాడి తల్లి ఏమంటుంది? "మావాడు ఎక్కడికీ పోడండీ, ట్యూషన్‌కే టైం చాలదు." ఆ జవాబుకు గడి లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. "దినచర్యకు అంతరాయం కలిగినా కలత చెందడు." ఎదురుగా "ఏమాత్రం ఏకీభవించను" అని గడి. ఇంతకీ కలత చెందుతాడా, చెందడా? తప్పు గడిలో టిక్కు పడినా పట్టుకునేవాళ్లుండరు. "రోజూ చేసే పని ఒకరోజు తప్పితే గొడవ చేస్తాడా?" అని అడిగి, మార్కులు తిరగేసుకుంటే పోయేదేముంది?

నిపుణులే కరువైనచోట ఏదో ఒక తెలుగు ఫారం ఉండటం మేలు కదా అంటారు. ఆలస్యమైతే పిల్లలకే నష్టం, నిజమే. కానీ 30 మార్కులొస్తే డాక్టరుకు చూపించాలని అక్కడ గీసిన గీతనే ఇక్కడా పెడితే మామూలు పిల్లలు డాక్టరు దగ్గర క్యూ కడతారేమో, 'సిగ్గరి' అనిపించుకున్న అమ్మాయి ఇంట్లోనే ఉండిపోతుందేమో. ఆటిజం ఉందని ఇప్పటికే తేలిన తెలుగు పిల్లల మార్కులూ తక్కినవాళ్ల మార్కులూ పక్కపక్కన పెట్టాకే గీత ఎక్కడో తేలేది. అంతకన్నా ముందు ఇరవై మంది తల్లులను కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివించి "మీకేం అర్థమైంది?" అని అడగాలి.

ఈ తెగులు ప్రశ్నావళులతో ఆగలేదు. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించే కాగితం, బ్యాంకు ఫారం అన్నీ తెలుగు అక్షరాల్లో ఉంటాయి, తెలుగులో ఉండవు. 'ఏకీభవిస్తున్నాను' అని ఇంట్లో ఎవరైనా అనగా విన్నారా? ఆటిజం వైకల్య సర్టిఫికెట్లకు దేశమంతా వాడే 40 అంశాల ఐఎస్‌ఏఏ అనే కొలమానం మన సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థలోనే తయారైంది. అంటే చేతకాక కాదు. ఇచ్ఛాపురం తల్లీ ఆదోని తల్లీ ఒక వాక్యాన్ని ఒకేలా అర్థం చేసుకుంటారో లేదో చూడాలంటే రెండు ఊళ్లకూ వెళ్లాలి, అంతే.