చెరువులో పొడి కలిపితే మీథేన్ పోదు

హైదరాబాద్ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది: "ఆర్కిటిక్ చిత్తడి నేలలో మీథేన్‌ తినే బ్యాక్టీరియా దొరికింది. దాని పొడిని హుస్సేన్‌సాగర్‌లో, సెప్టిక్ ట్యాంకుల్లో కలిపితే కంపు పోతుంది, గాలిలోని మీథేన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ కూడా రాదు." ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం.

ఆ బ్యాక్టీరియా పేరు మిథైలోబాక్టర్ తుండ్రిపాలుడం. ఆర్కిటిక్‌లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో దొరికింది, 2006లో కొత్త జాతిగా ప్రకటించారు. మంచు ప్రాంతానిది కాబట్టి మన వేడికి చస్తుందని కొట్టిపారేసేవాళ్లదీ తొందరపాటే. అది 5 నుంచి 30 డిగ్రీల దాకా పెరుగుతుంది, బాగా పెరిగేది 23 దగ్గర. డిసెంబరులో మన చెరువు నీళ్లు దానికి సరిపోతాయి, ఏప్రిల్ ఎండలకు పైనీరు 30 దాటాకే ఇబ్బంది.

అసలు చిక్కు ఆక్సిజన్‌తో. ఈ బ్యాక్టీరియా మీథేన్‌ను తినడమంటే దాన్ని ఆక్సిజన్‌తో కలపడమే, అంటే ఆక్సీకరణ. 16 గ్రాముల మీథేన్‌ పూర్తిగా ఆక్సీకరణ చెందాలంటే 64 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో కరిగి ఉండేది సుమారు 7.5 మిల్లీగ్రాములు. అదంతా వాడేసినా 2 మిల్లీగ్రాముల మీథేన్‌కు కూడా చాలదు. మురుగు చేరిన చెరువులో ఆ కాస్తా మిగలదు, అడుగు బురదలో అసలే ఉండదు. సెప్టిక్ ట్యాంకులో మీథేన్ పుట్టేదే గాలి ఆడకపోవడం వల్ల. పైగా లోతు తక్కువ చెరువుల్లో చాలా మీథేన్ బుడగలుగా లేస్తుంది. రెండు మీటర్ల అడుగు నుంచి బుడగ పైకి రావడానికి పది సెకన్లు చాలు. ఆలోపు ఏ బ్యాక్టీరియా దాన్ని తింటుంది?

మురుగులో అమ్మోనియా ఇంకో అడ్డం. ఈ బ్యాక్టీరియాలో మీథేన్‌ను పట్టే ఎంజైమే అమ్మోనియానూ పట్టుకుంటుంది, అప్పుడు పుట్టే హైడ్రాక్సిలమిన్ ఆ కణానికే విషం.

కంపు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది: మీథేన్‌కు వాసనే లేదు. కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది.

గాలిలో మీథేన్ పది లక్షల పాళ్లలో రెండు పాళ్లు కూడా ఉండదు. అంత పలచటి తిండి ఈ జాతికి చాలదు. గాలిలోని మీథేన్‌తోనే బతకగలిగే మిథైలోకాప్సా గోర్గోనా వేరే జాతి, 2019లో బయటపడింది. ఇక మీథేన్‌ను తింటే కార్బన్ డయాక్సైడ్ తప్పకుండా వస్తుంది. అయినా అది లాభసాటి బేరమే, ఎందుకంటే 20 ఏళ్ల లెక్కన బరువుకు బరువు మీథేన్ దానికి సుమారు 80 రెట్లు వేడి పెంచుతుంది.

ఇలాంటి బ్యాక్టీరియాను ఎక్కడి నుంచో తేనక్కర్లేదు. మన వరి మళ్లలో, చెత్తకుప్పల పైమట్టిలో ఇప్పటికే ఉంది. దానికి గాలి అందించడమే పని. పాత చెత్త డంపుల మీద చేయదగ్గది ఇది: ముందు గ్యాస్ సమంగా పరుచుకునేలా 30 సెంటీమీటర్ల కంకర పొర, దానిపై ఆ బ్యాక్టీరియా బతికేలా మీటరు మందాన బాగా మాగిన కంపోస్టు. పచ్చి కంపోస్టు వేస్తే ఆక్సిజన్ అదే తినేస్తుంది. మే నెలలో తడి ఆరితే పగుళ్లిచ్చి, గ్యాస్ ఆ పగుళ్లలోంచే పోతుంది. గ్యాస్ ఎక్కువగా వచ్చేచోట ఈ పొర సరిపోదు, గొట్టాలు వేసి లాగాల్సిందే.

పొడి అమ్మేవాళ్లను అడగాల్సింది ఒకటుంది: పొడి వేసిన చోట, లేచే మీథేన్‌ను పట్టడానికి నీటిపై బోర్లించిన డబ్బాలోంచి 0, 10, 20, 30 నిమిషాలకు తీసిన గాలి నమూనాల్లో మీథేన్ ఎంత? పొడి వేయని చోట ఎంత?