హెచ్-ఇండెక్స్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ హెచ్-ఇండెక్స్ గారికి, విజయనగరం జిల్లాలో వయోజన విద్యపై పరిశోధన చేసుకునే ఒక అధ్యాపకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పరిశోధకుల పనిని అంకెల్లో కొలవడానికి తమరిని కనిపెట్టారనీ, పది వ్యాసాలకు ఒక్కొక్కదానికి కనీసం పదేసి సైటేషన్లు, అంటే ఇతర వ్యాసాల్లో ఉదహరింపులు, వస్తే తప్ప తమరు ఎవరికీ పది అంకె అనుగ్రహించరనీ ఎరుగుదును. ప్రస్తుతం నా మీద తమ అనుగ్రహం రెండు. రాత్రిబడికి వచ్చే ఆడవాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్న నా మొదటి వ్యాసాన్ని ముగ్గురు ఉదహరించారు. ముగ్గురూ ఎత్తుకున్నది మా జిల్లా అక్షరాస్యత 58.89 శాతమన్న మొదటి వాక్యాన్నే. అది 2011 జనాభా లెక్కల వారిది, నాది కాదు. ఊరూరా తిరిగి నేను తెలుసుకున్న సంగతి ఏడో పేజీలో ఉంది: నలభై దాటినవాళ్లలో చాలామంది చదువు మీద విసుగుతో కాదు, చత్వారం వచ్చి అక్షరం ఆనక మానేశారు. దాని జోలికి ఎవరూ పోలేదు. రెండో వ్యాసానికి రెండు సైటేషన్లు వచ్చాయి. ఒకటి నాది, రెండోది నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిది.

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవరలకు బళ్లు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణమూ, 1938లో నిఘంటువూ వెలువరించారు. ఆ రెండింటినే లెక్కలోకి తీసుకుంటే, ఎన్ని వందలమంది ఉదహరించినా తమ సూత్రం ప్రకారం ఆయనకూ రెండే. గిడుగు వారినీ నన్నూ ఒకే పీట మీద కూర్చోబెట్టినందుకు జన్మజన్మలకూ తమకు ఋణపడి ఉంటాను.

మొన్న నేను పరిశోధన కోసం తిరిగిన ఊళ్లలో ఒకదానికి వెళ్లి నా వ్యాసం చూపిస్తే, రాత్రిబడిలో చదువు నేర్చి బస్సు బోర్డులు కూడబలుక్కుంటున్న ఒక పెద్దావిడ కాగితాలు అటూ ఇటూ తిప్పి, "మమ్మల్ని సదువుకోమని సెప్పి, మాకు రాని బాసలో రాసినావేటి బాబూ?" అంది. ఆమె ప్రశ్న తమ లెక్కకు రాదు. ఆ ప్రశ్న మీద నేను ఇంగ్లీషులో ఇంకొక వ్యాసం రాస్తే, దానిని ముగ్గురు ఉదహరిస్తే, నాకు మూడు అంకె వచ్చే దారి పడవచ్చు.

ఆ వ్యాసం వేసుకోవడానికి పత్రిక వారు ప్రచురణ రుసుము అడుగుతున్నారు. ఆ సొమ్ముతో ఆ ఊరి రాత్రిబడి ఆడవాళ్లందరికీ చత్వారం కళ్లజోళ్లు వస్తాయి. కళ్లజోళ్లను తమరు ఏ పద్దులో వేస్తారో సెలవివ్వ ప్రార్థన.

ఇట్లు,
తమ దయకు రెండు అనే అంకె మేర పాత్రుడైన
విధేయుడు