అమృతాంజనం చెట్టెక్కిన రాత్రి

క్రిస్మస్ సెలవులకి మా అక్కా బావా కెనడా నుంచి రాయగడ వచ్చారు. వచ్చినవాళ్ళు మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని, చుట్టాలిళ్ళలో నాలుగు భోజనాలు చేసి వెళ్ళిపోతే ఏ గొడవా లేకపోను. పెట్టె తెరిస్తే చాక్లెట్లుండాల్సిన చోట గుడారం బయటపడింది.

బావ పుట్టింది విజయవాడలో. ఇప్పుడుండేది కెనడా ఉత్తరాన యూకాన్‌లో. మన ఒడిశాలు మూడు పట్టేంత నేల, జనం మాత్రం యాభై వేలు దాటరు. మా రాయగడ టౌన్‌లోనే అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. అక్కడ మనుషులకన్నా మూస్ అనే పెద్ద దుప్పులే ఎక్కువట. జూన్‌లో అర్ధరాత్రి కూడా దీపం అక్కర్లేదట. ఎండాకాలం వస్తే చాలు, వీళ్ళు కార్లో గుడారం వేసుకుని, మనిషి అలికిడి లేని చోటికి పోయి పడుకుంటారట. మా అమ్మ అంతా విని, "అంత ఖర్చుపెట్టి వెళ్ళి ఆరుబయట పడుకోవడం ఏటి బాబూ" అని మాత్రం అంది.

బావ దేవ్‌మాలి పేరెత్తాడు. కోరాపుట్ జిల్లాలో ఉంది, 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో దాన్ని మించిన కొండ లేదు. అక్కడ ఒక రాత్రి గుడారంలో పడుకోవాలని అతని కోరిక. అల్లుడు నోరు తెరిచి అడిగాక అత్తగారు కాదంటుందా? అరిసెలు, చేగోడీలు, పెద్ద డబ్బాడు పులిహోర సిద్ధం చేసింది. అక్కడే బావ మొదటి పాఠం మొదలుపెట్టాడు.

"అత్తయ్యా, తిండి గుడారంలో ఉండకూడదు. ఎలుగుబంటికి వాసన తెలుస్తుంది."

"ఎక్కడ పెట్టమంటారు మరి?"

"చెట్టుకు వేలాడదీయాలి. నేలకి నాలుగు మీటర్ల ఎత్తున."

అమ్మ నా వైపు చూసింది. నేను చేగోడీ వైపు చూశాను.

తిండి ఒక్కటే కాదు, వాసనొచ్చేది ఏదైనా సరే చెట్టెక్కాల్సిందే. టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, పౌడరు, అన్నీ. అక్కడ ఎలుగుబంటి ఎదురుపడితే కొట్టడానికి మిరపకాయ ఘాటు నింపిన స్ప్రే డబ్బా ఒకటి నడుముకి కట్టుకుంటారట. దాన్ని విమానం ఎక్కనివ్వరు కాబట్టి తేలేకపోయానని బావ తెగ బాధపడ్డాడు. "కారానికి కెనడా దాకా ఎందుకు బాబూ, వంటింట్లో రెండు కేజీలుంది" అని అమ్మ ఓదార్చింది. ఉన్నట్టుండి ఏదో తోచి, "అవునూ, ఈ చలికాలంలో మీ ఎలుగుబంట్లు ఏం చేస్తుంటాయి?" అని అడిగింది.

"నిద్రపోతాయి అత్తయ్యా. గుహల్లో దూరి వసంతం దాకా బయటికి రావు."

"వాటికున్న తెలివి మనకెందుకు లేకపోయింది?"

లక్ష్మీపూర్, కోరాపుట్, సిమిలిగుడ మీదుగా బొలెరోలో బయల్దేరాం. దారిపొడుగునా వలిసెపూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. కొండ మీదికెళ్ళాక బావ మొహం మాడిపోయింది. ఏడాది చివర కదా, దేవ్‌మాలి మీద తిరణాల జరుగుతోంది. విశాఖపట్నం కుర్రాళ్ళొక పక్క, భువనేశ్వర్ కుర్రాళ్ళొక పక్క, మధ్యలో మ్యాగీ బండి, నాలుగు దిక్కులా స్పీకర్లు. బావకి కావాల్సింది నిర్జనారణ్యం. "కిందికి పోదాం" అన్నాడు.

కొండ దిగువన ఒక పల్లె పక్కన, కోతలైపోయిన పొలంలో బండి ఆపాం. పొలం ఎవరిదో కనుక్కుని, ఆ తాతని నేను ఒడియాలో అడిగాను. ఇంట్లో పడుకోమని ఆయన పిలిచాడు. వద్దు, పొలంలోనే పడుకుంటామంటే ఏం దోషం తగిలిందోనని జాలిగా చూసి సరేనన్నాడు.

యూకాన్‌లో గుడారం వేసుకుంటే చుట్టూ వంద కిలోమీటర్లలో మనిషి కనబడకపోవచ్చు. ఇక్కడ బావ మొదటి మేకు దిగ్గొట్టేలోపు పదకొండుమంది పిల్లలు పోగయ్యారు. ఆ సన్నటి అల్యూమినియం మేకు ఎండిన మళ్ళో దిగకుండా వంగిపోయింది. ఒక పిల్లాడు పరిగెత్తుకెళ్ళి గునపం తెచ్చాడు. ఇంకొకడు మేకు సాగగొట్టి ఇచ్చాడు. గుడారం నిలబెట్టింది వాళ్ళే. బావ సూచనలిచ్చాడు, ఇంగ్లీషులో.

సాయంత్రం బావ ఇంకో వస్తువు బయటికి తీశాడు. చుట్టూ దోమతెర వేలాడే టోపీ. అక్కడ వేసవిలో దోమలూ నల్ల ఈగలూ మేఘాల్లా కమ్ముకుంటాయట, ఆ తెర లేనిదే ఎవరూ గడప దాటరట. కోరాపుట్ చలిలో, డిసెంబరు నెలలో, ఒక్క దోమ కూడా లేని పొలంలో బావ ఆ టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. తాత దగ్గరికొచ్చి తెర లోపలికి తొంగిచూసి నన్నడిగాడు, "తేనె తీయడానికొచ్చారా? పట్టు ఎక్కడుంది?"

"ఏమంటున్నాడు?" అన్నాడు బావ.

"టోపీ బాగుందంటున్నాడు."

దుబాసీ పనిలో ఇదొక సుఖం.

చీకటి పడేముందు బావ టేపు తీశాడు. పడుకునే చోటు, వండుకునే చోటు, తిండి దాచే చోటు ముక్కోణంలో ఉండాలి, ఒక్కోదానికీ మధ్య వంద మీటర్లుండాలి, అది ఉత్తరాది అడవి నియమం. టేపు అయిదు మీటర్లదే, కాబట్టి ఇరవైసార్లు వంగి లేస్తూ కొలిచాడు. తీరా చూస్తే వంట చేసుకునే చోటు సరిగ్గా తాత ఇంటి వాకిట్లోకి వచ్చింది. అక్కణ్ణుంచి ఇంకో వంద మీటర్లు కొలిస్తే తిండి దాచే చోటు ఊరి మామిడిచెట్టు. బావకి లెక్క కుదిరిందని సంబరం. అమ్మ మాత్రం మోకాళ్ళ నొప్పులతో ఆ ముక్కోణం చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో! అన్నం ఒక చోట, ఆవకాయ ఒక చోట, కంచాలు గుడారం దగ్గర. తాత ఇంట్లోవాళ్ళు అరుగు మీద వరసగా కూర్చుని మొత్తం చూశారు.

భోజనాలయ్యాక సోదా మొదలైంది. విమానాశ్రయంలో కూడా అంత పట్టింపు ఉండదు. అక్క క్రీములు, నా గడ్డం నురగ, పిప్పరమెంట్లు అన్నీ సంచిలో పడ్డాయి. చివర్లో బావ అమ్మ దగ్గర ఆగాడు.

"అత్తయ్యా, ఆ బొడ్లో ఏమిటది?"

అమ్మ ఉలిక్కిపడి చెంగు సర్దుకుంది. "ఏం లేదు బాబూ."

"వాసనొస్తోంది."

అమృతాంజనం సీసా. మా అమ్మ దాన్ని విడిచి పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. నాన్న పోయిన రాత్రి కూడా అది ఆవిడ పిడికిట్లోనే ఉంది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఆ మందు తయారుచేసినప్పుడు దేశం తలనొప్పి గురించి ఆలోచించారు గాని ఎలుగుబంటి ముక్కు గురించి ఆలోచించి ఉండరు. అల్లుడు చెయ్యి చాపాడు. అత్తగారు కాసేపు ఆ చేతిని చూసి, మూత బిగించి, సీసా ఇచ్చేసింది. అక్క అటు తిరిగి నవ్వింది.

నేను తాడు కొసకి రాయి కట్టి మామిడికొమ్మ మీదుగా విసిరాను. చీకట్లో ఏవో ఆకులు చిరిగిన చప్పుడైంది. పులిహోర, అరిసెలు, అమృతాంజనం నాలుగు మీటర్లు పైకెళ్ళాయి.

గుడారం నలుగురికి సరిపోతుందన్నాడు బావ. సరిపోయింది, ఎవరూ పక్కకి దొర్లనంతసేపూ. సున్నాకి ఇరవై డిగ్రీల కింద కూడా పనికొచ్చే స్లీపింగ్ బ్యాగులో బావ మెడదాకా జిప్పు లాక్కుని కాసేపటికే చెమటలు కక్కడం మొదలుపెట్టాడు. అమ్మ రగ్గు కప్పుకుని పడుకుని, నెత్తిమీద గాలాడటానికి వదిలిన జాలీ చూసింది. చలిగాలి వస్తోందంటూ లేచి తువ్వాలు కుక్కేసింది.

"అత్తయ్యా, అది మూయకూడదు. మన ఊపిరిలో ఆవిరి బయటికి పోవాలి."

"ఊపిరి ఎక్కడికీ పోనక్కర్లేదు బాబూ, చలికాలం."

అక్క తల్లి పక్షం చేరింది. ఇద్దరు ఆడవాళ్ళు ఒక్కమాట మీదుంటే మా ఇంట్లో అది చట్టం.

నలుగురి ఊపిరీ పైకెళ్ళి, చల్లటి గుడ్డకి తగిలి, నీళ్ళై, నడిరాత్రి నుంచి చుక్కలు చుక్కలుగా రాలడం మొదలైంది. రాలిన చోటు అమ్మ నుదురు. మొదట తుమ్ములు, ఆ వెనకే "అబ్బా" అని మూలుగు. ఏమైందంటే తల పగిలిపోతోందంది. తలనొప్పికి మందేదో అందరికీ తెలుసు. అదెక్కడుందో కూడా తెలుసు.

"పొద్దున్న చూద్దాం అత్తయ్యా" అన్నాడు బావ.

"అయితే పొద్దున్న దాకా మీరు నిద్రపోరు" అంది అమ్మ. బెదిరింపేం కాదది, మూలుగు ఆగదు కాబట్టి జరిగే సంగతి చెప్పింది.

నలుగురం టార్చీలు పట్టుకుని బయల్దేరాం. చీకట్లో చప్పుడు చేయకుండా నడిస్తే ఎలుగుబంటి ఉలిక్కిపడి మీదపడుతుంది కాబట్టి గట్టిగా అరుస్తూ నడవాలన్నాడు బావ. అక్కడివాళ్ళు "హే బేర్" అని అరుస్తారట. జంతువు పేరు పెట్టి పిలిచి తెచ్చుకోవడమెందుకని అమ్మ "గోవిందా!" అంది. మేం "గోవింద!" అన్నాం. అమ్మకి తలనొప్పి ఎంత ఉన్నా గొంతులో లోటు రాలేదు. చెట్టు చేరేసరికి నాలుగిళ్ళలో దీపాలు వెలిగాయి, కుక్కలన్నీ వంత పాడాయి.

బావ తాడు విప్పి సంచి దించాడు. అమ్మ ఆత్రంగా అందులో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి పెట్టినట్టే తీసి, ఇందాకటికి మూడింతలు పెద్దగా గోవిందుణ్ణి పిలిచింది.

ఎర్రచీమలు. మామిడాకుల్ని తమ పిల్లపురుగుల నోటి పట్టుదారంతో కుట్టి గూడు కట్టుకునే రకం. నా రాయి తగిలి చిరిగింది ఆకులు కాదు, వాళ్ళ ఇల్లు. చలికి మందంగానే ఉన్నాయిగాని సంచి నిండా ఉన్నాయి. అవి కరిచి ఊరుకోవు, కరిచిన చోట ఆమ్లం చిమ్ముతాయి. తాడు వెంట దిగినవి బావ మోచేతుల దాకా వచ్చేశాయి. నియమాలన్నీ గాలికి వదిలి, కెనడా పౌరుడు కోరాపుట్ పొలంలో, నడిరాత్రి, అచ్చ బెజవాడ తెలుగులో తిట్లు లంకించుకున్నాడు. ఆ తిట్లలో సగం మాకు కొత్తవి.

తాత కర్ర పట్టుకుని పరుగున వచ్చాడు. భజన బృందం మీద ఎవరో దాడి చేశారనుకున్నాడట. నేను ఎలుగుబంటి భయం సంగతంతా చెప్పాను. ఆయన కర్ర నేలకానించి నవ్వాడు, నవ్వి నవ్వి దగ్గాడు. ఇక్కడి ఎలుగుబంట్లు నిద్రపోవుగాని, వస్తే ఇప్పపువ్వు రాలే రోజుల్లో వస్తాయట, లేదంటే చెదపుట్టలు తవ్వుకుంటూ తిరుగుతాయట. "కోతలైపోయిన మడిలో దానికేముంది? ఈ ముసలమ్మ మందు తింటుందా?"

"ఏమంటున్నాడు?" అన్నాడు బావ, చెయ్యి గోక్కుంటూ.

"జాగ్రత్తగానే ఉన్నారంటున్నాడు."

అమ్మ ఈలోపు సీసా సాధించింది. ఒంటిమీద చీమల్ని దులుపుకుంటూనే నుదుటికి రాసుకుని, మిగిలింది అల్లుడి మోచేతులకి పట్టించింది. మిగతా రాత్రి గుడారంలో నాలుగు దిక్కులా అమృతాంజనం వాసనే. ఎలుగుబంటి సంగతి దేవుడెరుగు, మాలో ఎవరికీ ముక్కు దిబ్బడ లేదు.

పొద్దున్నే పిల్లలు చెట్టు కింద పడున్న సంచి చూసి కేరింతలు కొట్టారు. ఒకడు ఆకుల గూడంతా డొప్పలో దులుపుకున్నాడు, పచ్చడికట. మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ రుచి ఈ కొండల్లోనూ ఎరుగుదురు. పులిహోర మాత్రం చీమలు దయతలచి వదిలినంతే. తాత ఇంటి నుంచి పెద్ద సత్తు గిన్నెలో మండియా పేజ్ వచ్చింది, మన చోడి అంబలే. నంజుకోడానికి ఉప్పు, పచ్చిమిరపకాయ. నీళ్ళు పోస్తే ఉబ్బే పొడి అన్నం ప్యాకెట్లు యూకాన్ నుంచి తెచ్చిన బావ, మూడోసారి గిన్నె చాపాడు.

బయల్దేరుతుంటే డబ్బివ్వబోతే తాత పుచ్చుకోలేదు. వేలితో బావ నెత్తి చూపించాడు. "ఆ టోపీ ఇస్తే బాగుండు. చైత్రంలో పట్టు తీయాలి."

ఈసారి ఏమంటున్నాడని బావ అడగలేదు. టోపీ తీసి తాత తలకి తొడిగి, తెర సర్ది, ఫోటో కూడా తీసుకున్నాడు. రాయగడ చేరేసరికి సాయంత్రం దీపాలు పెట్టే వేళ. మా వీధి మురిక్కాలవ పక్కన బండి దిగగానే బావ చెంప మీద ఒకటి, మెడ మీద ఒకటి ఠపీమని కొట్టుకున్నాడు.

"అత్తయ్యా, దోమలు!"

"మా దగ్గర ఏడాదంతా ఉంటాయి బాబూ" అంది అమ్మ, తలుపు తాళం తీస్తూ.